హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఎవరు నెగ్గుతారో లెక్కగట్టడం ఎలా: ఇరవై చింతపిక్కల పద్ధతి

2024 మే 19, ఆదివారం తెల్లారగట్ల. విజయనగరంలో మా మేడ మీద నేనూ, మావయ్యా, పక్కింటి కుర్రాళ్లిద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. రియాద్‌లో టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఊసిక్ బరిలోకి దిగారు. ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాల మనిషి, బరువు దాదాపు 119 కిలోలు. ఊసిక్ 6 అడుగుల 3 అంగుళాలు, 101 కిలోలు. మావయ్య చూడగానే తీర్పు చెప్పేశాడు: "ఏట్రా, ఆ తాడిచెట్టు ముందర ఈ గుంటడేటి నిలుస్తాడు?"

మధ్య రౌండ్లలో ఫ్యూరీ అప్పర్‌కట్‌లు, అంటే కింది నుంచి పైకి లేపి కొట్టే గుద్దులు, తగులుతుంటే మావయ్య మాటే నిజమయ్యేలా ఉంది. తొమ్మిదో రౌండ్‌లో కథ తిరిగింది. ఊసిక్ ఎడమచేతి గుద్దు తగిలాక ఫ్యూరీ తూలుతూ ఒక వైపు తాళ్ల నుంచి ఇంకో వైపు తాళ్ల మీదికి వెళ్లాడు. ఆ తాళ్లే లేకపోతే కింద పడేవాడు. రెఫరీ లెక్కపెట్టాడు. చివరికి ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఊసిక్‌కు, ఒకరు ఫ్యూరీకి ఇచ్చారు.

"నీకు ముందే ఎలా తెలిసింది?" అని అడిగాడు మావయ్య. నాకు తెలియలేదు. నా దగ్గరున్న ఇరవై చింతపిక్కల్లో 11 ఊసిక్ వైపు, 9 ఫ్యూరీ వైపు పెట్టుకున్నాను, అంతే. ఆ పిక్కలు ఎలా పంచాలో, అంతకుముందు వారం రోజులు ఏమేం చూడాలో ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను. బాక్సింగ్ గురించి ఇదివరకు తెలియకపోయినా ఫర్వాలేదు. ఓపికగా చూడగలిగితే చాలు.

మొదలెట్టే ముందు ఒక మాట. "ఇద్దరిలో ఎవరు గొప్ప?" అనే ప్రశ్నను పక్కన పెట్టేయండి. ఆ ప్రశ్నతో మొదలుపెడితే పేరు చూసి, ఎత్తు చూసి, ఫొటో చూసి మోసపోతాం. అడగాల్సింది ఇది: వీడి అలవాట్లలో ఏది అవతలివాడి చేతికి దొరుకుతుంది? ఈ వ్యాసంలో ప్రతి మెట్టూ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ తరగతి సంగతి

మిగతా బరువు తరగతుల్లో ఇద్దరూ ఒకే హద్దులోపల తూగాలి. హెవీవెయిట్‌లో, చాలా సంస్థల నిబంధనల ప్రకారం, 200 పౌండ్లు అంటే 90.7 కిలోలు దాటితే చాలు, పైన హద్దు లేదు. అందుకే 18 కిలోల తేడాతో ఇద్దరు ఎదురెదురుగా నిలబడగలరు. ఇంత బరువు వెనక నుంచి వచ్చే గుద్దు ఒక్కటి తగిలినా అప్పటిదాకా నడిచిన లెక్కంతా తారుమారవుతుంది.

1994 నవంబర్‌లో జార్జ్ ఫోర్‌మన్‌కు 45 ఏళ్లు. మైకేల్ మూరర్ మీద తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ వెనకబడే ఉన్నాడు. పదో రౌండ్‌లో సూటిగా ఒక కుడిచేతి గుద్దు, మూరర్ వెల్లకిలా పడ్డాడు. వయసు మీదపడితే కాళ్లు పోతాయి, వేగం పోతుంది, గుద్దులో బలం మాత్రం అన్నిటికన్నా ఆఖర్న పోతుంది. అందుకని ఎంత ఏకపక్షంగా కనిపించినా ఇరవై పిక్కలూ ఒకే వైపు పెట్టకండి. అవతలి వైపు కనీసం ఒక పిక్క ఉండాలి.

మొదటి మెట్టు: రికార్డును విప్పి చదవండి

పోటీల సంఖ్య, గెలుపులు, నాకౌట్లు (అవతలివాడు ఇక ఆడలేని స్థితిలో పోరు ముగియడం) అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కానీ ఆ అంకెల్ని ఉన్నవున్నట్టు నమ్మకూడదు. 40 గెలుపులు, 37 నాకౌట్లు అని కనిపించగానే మూడు విషయాలు వెతకండి.

మొదటిది, ఎవర్ని కొట్టాడు, అప్పటికి వాళ్ల వయసెంత, వాళ్లు అంతకుముందు పోరు గెలిచారా ఓడారా. పెద్ద పేరున్న మనిషిని 39వ ఏట కొట్టడం వేరు, 29వ ఏట కొట్టడం వేరు. రెండోది, ఎన్ని రౌండ్లు ఆడాడు. అందర్నీ రెండు మూడు రౌండ్లలో పడగొట్టినవాడు పదో రౌండ్‌లో ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. మూడోది, ఓడితే ఎలా ఓడాడు. పాయింట్ల మీద ఓడాడా, దెబ్బకు పడ్డాడా, కనుబొమ చిట్లి ఆపేశారా? 2003లో విటాలి క్లిచ్‌కో ఆరు రౌండ్ల తర్వాత లెనాక్స్ లూయిస్ చేతిలో ఓడాడని రికార్డు చెబుతుంది. నిజానికి అప్పటికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ విటాలియే ముందున్నాడు. కంటి మీద లోతైన గాట్లు పడటంతో డాక్టర్ ఆపేశారు. ఆ ఓటమిని చూసి "వీడి దవడ గట్టిది కాదు" అనుకున్నవాళ్లు తర్వాత చాలాసార్లు దెబ్బతిన్నారు.

ఇంకో గోతిలో మాత్రం పడకండి. "వీడు వాణ్ణి కొట్టాడు, వాడు ఇంకొకణ్ణి కొట్టాడు, కాబట్టి వీడు ఆ ఇంకొకణ్ణీ కొడతాడు" అనే లెక్క. 1971లో జో ఫ్రేజియర్ మహమ్మద్ అలీని ఓడించాడు. 1973లో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి మరీ గెలిచాడు. ఆ ఫ్రేజియర్‌ను ఫోర్‌మన్ 1973 జనవరిలో రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకు పడేశాడు. మరుసటి ఏడాది నార్టన్‌నూ రెండు రౌండ్లలోనే ముగించాడు. ఈ లెక్కన అలీ ఫోర్‌మన్ ముందు నిలవకూడదు. కానీ 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఎనిమిదో రౌండ్‌లో నేల మీద పడింది ఫోర్‌మన్. ఎందుకలా జరిగిందో మూడో మెట్టులో చెబుతాను.

రెండో మెట్టు: మ్యూట్ చేసి, వేగం తగ్గించి చూడండి

నా లెక్కలో అసలు పని ఇదే. మిగతావన్నీ కలిపి ఎంత సమయం పెడతారో దీనికి అంత పెట్టండి.

ఒక్కొక్కరివి నాలుగు పోరాటాలు చాలు: ఈమధ్యవి రెండు, అతను అన్నిటికన్నా ఇబ్బంది పడినది ఒకటి, ఇప్పుడు ఎదురవుతున్న ప్రత్యర్థి లాంటి మనిషితో ఆడినది ఒకటి. సౌండ్ తీసేయండి. కామెంటేటర్లు తమకు తెలిసిన పేరు వైపు మొగ్గుతారు, జనం అరుపులకు గాల్లో పోయిన గుద్దు కూడా తగిలినట్టే అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. 1936లో జో లూయిస్ ప్రొఫెషనల్‌గా ఓటమి ఎరగని కుర్రాడు. అతనితో తలపడబోతున్న జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌కు 30 ఏళ్లు, పనైపోయిందని అందరూ అనుకున్నారు. ష్మెలింగ్ అంతకుముందే న్యూయార్క్ వచ్చి లూయిస్ ఆటను రింగు పక్కన కూర్చుని చూశాడు, ఫిల్ములు తిప్పి తిప్పి చూశాడు. అతని కంట పడింది చాలా చిన్న విషయం. లూయిస్ ఎడమ చేత్తో జాబ్, అంటే ముందు చేత్తో చటుక్కున సూటిగా కొట్టే గుద్దు, కొట్టాక ఆ చెయ్యి చెంప దగ్గరికి తిరిగి రావడంలేదు. కాస్త కిందికి జారి, తర్వాత పైకి వస్తోంది. కనురెప్పపాటు కాలం ఎడమ చెంపకు కాపలా లేదు. ష్మెలింగ్ ఆ ఖాళీలోకి కుడిచెయ్యి పంపడమే పనిగా పెట్టుకున్నాడు. 1936 జూన్ 19న నాలుగో రౌండ్‌లో లూయిస్‌ను మొదటిసారి పడగొట్టాడు, పన్నెండో రౌండ్‌లో ముగించాడు.

రెండేళ్ల తర్వాత, 1938 జూన్ 22న ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. అదే మనుషులు. ఈసారి లూయిస్ ఆ ఖాళీ ఇవ్వలేదు, ఇచ్చే వ్యవధీ ఉంచలేదు. మొదటి రౌండ్‌లో 2 నిమిషాల 4 సెకన్లలో పోరు అయిపోయింది. మొదటి పోరు ఫలితం ఒక్కటే చూసి రెండోదాన్ని అంచనా వేసినవాళ్లు తప్పారు. ఆ అలవాటు ఇంకా ఉందా లేదా అని చూసినవాళ్లకు దారి దొరికేది.

మీరూ ఇదే చెయ్యండి. వీడియో వేగం సగానికి తగ్గించి ఒక రౌండ్‌లో ఇరవై జాబ్‌లు లెక్కపెట్టండి. ప్రతిసారీ చెయ్యి తిరిగి ఎక్కడికొచ్చింది? చెంపకు, భుజానికి, ఛాతీకి అని మూడు గడులు గీసుకుని గీతలు పెట్టండి. ఇరవైలో ఏడెనిమిది ఛాతీ గడిలో పడ్డాయంటే అది పొరపాటు కాదు, అలవాటు. అవతలివాడి కుడిచెయ్యి చురుకైనదైతే ఒక పిక్క అటు జరపండి. మూడో రౌండ్‌లో ఒకసారి, తొమ్మిదో రౌండ్‌లో ఒకసారి లెక్కపెడితే ఇంకా మంచిది. చాలామంది చేతులు అలసటతోనే జారుతాయి.

చేతుల తర్వాత కాళ్లు. దెబ్బ తగిలిన వెంటనే ఏం చేస్తాడు? వెనక్కి నిటారుగా పోయేవాడు మళ్లీ దెబ్బ తింటాడు. పక్కకు తప్పుకునేవాడు, లేదా అవతలి మనిషిని చేతులతో చుట్టేసి ఊపిరి తీసుకునేవాడు బతుకుతాడు. కోపం వచ్చి అక్కడే నిలబడి తిరిగి కొట్టేవాడి గురించి నోటుబుక్‌లో ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఆంథొనీ జాషువా సంగతి కింద వస్తుంది.

చివరగా రౌండ్ల మధ్య ఆ ఒక్క నిమిషం. ప్రకటనలు వస్తున్నాయని లేచిపోవద్దు. స్టూల్ మీద కూర్చున్నప్పుడు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడా, కోచ్ చెప్పేదానికి తల ఊపుతున్నాడా, కళ్లు ఎటో చూస్తున్నాయా? చాలాసార్లు తర్వాతి రౌండ్ జాతకం అక్కడే కనిపిస్తుంది.

మూడో మెట్టు: ఎవరి పద్ధతి ఎవరి పద్ధతికి పడదు

కుస్తీ చూసినవాళ్లకు ఇది సులువుగా ఎక్కుతుంది. ఒకడి పట్టు ఇంకొకడి బలాన్ని పనికిరాకుండా చేస్తుంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో సాము చేసి పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడి కథలు వింటూ పెరిగినవాళ్లం మనం. బలం ఒక్కటే చాలదు, అది ఎక్కడ పెట్టాలో తెలియాలి అన్న సంగతి మన తాలింఖానాల్లో పిల్లలకూ తెలుసు.

ఫ్రేజియర్ వంగి, తల ఊపుతూ ముందుకే వచ్చే మనిషి. అలీ కాస్త వెనక్కి వాలి దూరం నుంచి కొట్టేవాడు కాబట్టి, ఫ్రేజియర్ లోపలికి దూరి ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దు, వేయగలిగాడు. అదే ఫ్రేజియర్ ఫోర్‌మన్ మీదికి వంగి వెళ్తే, కింది నుంచి పైకి లేచే ఫోర్‌మన్ అప్పర్‌కట్‌లకు తనంతట తానే తల అందించినట్టయింది. అలీ అలా ముందుకు వంగి వెళ్లేవాడు కాదు. కిన్షాసాలో తాళ్లకు వాలి, చేతులు అడ్డుపెట్టి, ఫోర్‌మన్‌ను కొట్టనిచ్చాడు. మధ్యమధ్య సూటి గుద్దులు ముఖం మీద వేశాడు. ఆ ఉక్కలో ఫోర్‌మన్ తన బలాన్నంతా అలీ చేతుల మీదా భుజాల మీదా ఖర్చు పెట్టేశాడు. ఎనిమిదో రౌండ్‌కు చేతులు బరువెక్కాయి. ముగ్గురు మనుషులు, మూడు పద్ధతులు, మూడు ఫలితాలు.

మీ నోటుబుక్‌లో ఒక్కొక్కరికీ రెండు వాక్యాలు రాయండి. "వీడు ముందుకొచ్చి గెలుస్తాడా, వెనక్కి వెళ్తూ గెలుస్తాడా?" "వీడికి పని చెయ్యడానికి ఎంత దూరం కావాలి?" ఇద్దరికీ ఒకే దూరం కావాలంటే నాకౌట్ గిన్నెల్లో పిక్కలు పెంచండి (గిన్నెల సంగతి ఏడో మెట్టులో చెబుతాను). వేర్వేరు దూరాలు కావాలంటే, తనకు కావాల్సిన దూరాన్ని ఎవరు నిలబెట్టుకోగలరో చూడండి. ఇది ఎక్కువగా కాళ్లను బట్టి ఉంటుంది.

ఎడమచేతి వాటం వాళ్ల గురించి ఒక మాట. బాక్సింగ్‌లో వాళ్లను సౌత్‌పా అంటారు. ఊసిక్ అలాంటివాడే. కుడిచేతి వాటం మనిషికి ఎదురుగా నిలిస్తే ఇద్దరి ముందు పాదాలు పక్కపక్కకు వస్తాయి. ఎవరి ముందు పాదం బయటివైపు ఉంటే వాడి వెనక చెయ్యి సూటిగా దిగుతుంది. పోరంతా పాదాల దగ్గర జరిగే ఆ చిన్న తగువే చూడండి, ఎవరు రౌండ్ గెలుస్తున్నారో ముఖాలు చూడకుండానే చెప్పొచ్చు. ఇలాంటి పోరైతే అవతలి మనిషి అంతకుముందు ఎడమచేతి వాటం వాళ్లతో ఎన్నిసార్లు ఆడాడో తప్పక వెతకండి.

నాలుగో మెట్టు: శరీరం

మనం బార అంటామే, చేతులు రెండూ చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే కొలత, దాన్నే బాక్సింగ్‌లో రీచ్ అంటారు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో మైక్ టైసన్ బార 71 అంగుళాలు, బస్టర్ డగ్లస్ బార 83. టైసన్ అప్పటిదాకా తనకన్నా పొడుగు వాళ్లనే కొట్టుకొచ్చాడు కాబట్టి ఎవరూ ఆ తేడాను పట్టించుకోలేదు. కానీ ఆ పొడుగు వాళ్లలో చాలామంది భయంతో జాబ్ సరిగ్గా వాడలేదు. డగ్లస్ వాడాడు, గెలిచాడు. బార ఎంత ఉందన్నదాని కంటే, ఉన్న బారను వాడుకునే అలవాటు ఉందా అన్నది ముఖ్యం.

బరువు విషయంలో ఎక్కువమంది చేసే తప్పు ఇద్దరి బరువులు పక్కపక్కన పెట్టి పోల్చడం. ఒక్కొక్కరినీ తన పాత బరువుతోనే పోల్చండి. తూకం మామూలుగా పోరుకు ముందురోజు జరుగుతుంది, బట్టలతో ఎక్కాడో బట్టలు విప్పి ఎక్కాడో కూడా గమనించండి. బరువు పెరిగితే పథకం ప్రకారం పెరిగిందా, నోరు కట్టుకోలేక పెరిగిందా? 2018లో డియోంటే వైల్డర్‌తో డ్రా చేసుకున్నప్పుడు ఫ్యూరీ 256 పౌండ్ల పైచిలుకు. 2020 ఫిబ్రవరిలో రెండో పోరుకు 273తో వచ్చాడు. బద్ధకించాడని అనుకున్నవాళ్లున్నారు. కానీ మధ్యలో కోచ్‌ను మార్చి షుగర్‌హిల్ స్టీవర్డ్ దగ్గరికి వెళ్లాడు, ఈసారి నాకౌట్ చేస్తానని బహిరంగంగా చెప్పాడు. కొత్త కోచ్, కొత్త బరువు, కొత్త మాట మూడూ ఒకే దిక్కు చూపించాయి. వైల్డర్ మీద వాలుతూ, తోస్తూ, ఏడో రౌండ్‌లో అతని మూలలో ఉండే కోచ్ బృందం ఓటమి ఒప్పుకుంటూ టవల్ విసిరేదాకా వదల్లేదు.

బరువు తగ్గడం కూడా మోసం చేస్తుంది. 1980 అక్టోబర్ 2న లారీ హోమ్స్ మీదికి 38 ఏళ్ల అలీ సన్నగా, నల్లటి జుట్టుతో, పాత ఫొటోల్లోలా వచ్చాడు. దానికి ముందు వాడిన థైరాయిడ్ మందు వల్లే అతని ఒంట్లో కొవ్వుతోపాటు సత్తువా పోయింది. ప్రతి రౌండూ హోమ్స్‌దే. పదో రౌండ్ అయ్యాక అలీ మూలవాళ్లే పోరు ఆపేశారు. ఆ పోరు నేను ఒక్కసారే చూశాను, మళ్లీ చూడలేను.

కండలు చూసి పొంగిపోవద్దని చెప్పడానికి మన జిల్లాల్లో దూరం వెళ్లక్కర్లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఆమదాలవలస ఆడపడుచు కరణం మల్లీశ్వరి ఎత్తింది మొత్తం 240 కిలోలు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లల్ని అడగండి, బరువు ఎక్కడి నుంచి లేస్తుందో. తొడలు, నడుం అంటారు. గుద్దు కూడా అంతే: పాదం నేలను తన్నితే, తుంటి తిరిగితే, భుజం వెంట వచ్చి పిడికిలికి చేరుతుంది. కాబట్టి తూకం రోజు చేతుల కండలకు మార్కులు వెయ్యకండి. ఆఖరి పోరు ఆఖరి మూడు రౌండ్లలో కాళ్లు ఎలా ఉన్నాయో చూడండి.

ఐదో మెట్టు: శిబిరంలో, ఇంట్లో, ఊళ్లో

డగ్లస్ తల్లి ఆ టోక్యో పోరుకు మూడు వారాల ముందే చనిపోయింది. ఆ దుఃఖం అతన్ని కుంగదీయలేదు, గట్టిపరిచింది. అటు టైసన్ ప్రాక్టీస్‌లోనే తోటి బాక్సర్ గ్రెగ్ పేజ్ చేతిలో ఒకసారి కింద పడ్డాడు. పోరు మధ్యలో కన్ను వాచిపోతే, అదిమి వాపు తగ్గించే చల్లని లోహపు ముక్క అతని మూలవాళ్ల దగ్గర లేదు. చల్లటి నీళ్లు నింపిన రబ్బరు తొడుగుతో సరిపెట్టారు. నాకు మొత్తం కథలో ఆ తొడుగే గుర్తుంటుంది. ఓడిపోతామన్న ఊహే లేని శిబిరం అలాగే ఉంటుంది. పదో రౌండ్‌లో టైసన్ పడిపోయి నేల మీద, పళ్లకు పెట్టుకునే మౌత్‌పీస్ కోసం తడుముకున్నాడు.

ఇంకొకటి ఎత్తు ప్రదేశాలు. 2001 ఏప్రిల్‌లో లెనాక్స్ లూయిస్, హసీమ్ రహ్మాన్ దక్షిణాఫ్రికాలో బ్రాక్‌పాన్ అనే చోట తలపడ్డారు. సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తు. మన అరకు 900 మీటర్ల చిల్లర, అక్కడ నాలుగు మెట్లెక్కితేనే కొత్తవాళ్లకు ఆయాసం వస్తుంది. రహ్మాన్ ముందుగా వెళ్లి ఆ గాలికి అలవాటు పడ్డాడు. లూయిస్ సినిమాలో చిన్న వేషం పనిలో పడి ఆలస్యంగా దిగాడు, బరువూ ఎక్కువే. ఐదో రౌండ్‌లో కుడిచేతి గుద్దుకు పడిపోయాడు. అదే ఏడాది నవంబర్‌లో లాస్ వేగాస్‌లో బుద్ధిగా శిక్షణ తీసుకుని వచ్చి నాలుగో రౌండ్‌లో బదులు తీర్చుకున్నాడు.

పుకార్ల మీద మాత్రం పిక్కలు జరపకండి. తూకం, కోచ్ మార్పు, ప్రత్యర్థి మార్పు, ప్రయాణం తేదీ వంటి కంటికి కనపడేవాటికే విలువివ్వండి. ప్రెస్ మీట్‌లో తోపులాటలకు ఏ విలువా లేదు.

ఆరో మెట్టు: జడ్జీలు

టైటిల్ పోరు 12 రౌండ్లు, రౌండ్ మూడు నిమిషాలు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9, ఒకసారి కింద పడితే 8. ఎవరిదో తేలని రౌండ్లు నాలుగైదు ఉంటే ఇంటిమనిషి వైపు, పెద్ద పేరు వైపు మొగ్గే ప్రమాదం ఉంది. 1999 మార్చిలో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ పోరు డ్రా అన్నప్పుడు చూసినవాళ్లలో ఎక్కువమంది నిర్ఘాంతపోయారు. లూయిస్ స్పష్టంగా గెలిచాడని వాళ్ల లెక్క. మీరు ఎంచుకున్నవాడు తక్కువ గుద్దులతో, జాగ్రత్తగా, పరాయి గడ్డ మీద పాయింట్లతో నెగ్గాలంటే ఆ గిన్నెలోంచి ఒక పిక్క తీసేయండి.

ఏడో మెట్టు: పిక్కలు పంచడం

నాలుగు గిన్నెలు పెట్టుకోండి. మొదటివాడు నాకౌట్‌తో, మొదటివాడు పాయింట్లతో, రెండోవాడు నాకౌట్‌తో, రెండోవాడు పాయింట్లతో. ఇరవై పిక్కలు. ఒక్కో పిక్క నూటికి ఐదు. మనసులో "ఎక్కువ ఛాన్సు ఉంది" అనుకోవడం తేలిక. ఆ ఎక్కువ ఎంతో చేత్తో పట్టుకుని గిన్నెలో వేయాలంటే ఆలోచించాల్సి వస్తుంది. అందుకే నేను కాగితం మీద శాతాలు రాయడం మానేసి ఈ పద్ధతికి వచ్చాను.

2019 డిసెంబర్ 7న సౌదీ అరేబియాలోని దిరియాలో జరిగిన జాషువా, ఆండీ రూయిజ్ రెండో పోరుకు నా గిన్నెలు ఇలా ఉన్నాయి. అంతకుముందు జూన్ 1న న్యూయార్క్‌లో రూయిజ్ ఏడో రౌండ్‌లో జాషువాను ముగించాడు. ఆ పోరులో మూడో రౌండ్‌ను సగం వేగంతో చూడండి. ముందు రూయిజ్ కింద పడ్డాడు. లేచాక జాషువా ముగించేద్దామని తొందరపడి దగ్గరికి దూరాడు. నిలబడి గుద్దులు మార్చుకున్నాడు. రూయిజ్ చేతులు పొట్టివి, కానీ దగ్గర్లో జాషువా చేతులకన్నా చురుకైనవి. తల పక్కన హుక్ తగిలింది, ఇక జాషువా కాళ్లు మళ్లీ కుదురుకోలేదు. అంటే దొరికిన అలవాటు: దెబ్బ కొట్టాకా, తిన్నాకా అక్కడే నిలబడటం.

ప్రశ్న ఏమిటంటే ఆరు నెలల్లో ఆ అలవాటు పోతుందా? తూకానికి ముందు నేను జాషువా నాకౌట్‌కు 6, పాయింట్లకు 6, రూయిజ్ నాకౌట్‌కు 7, పాయింట్లకు 1 పెట్టాను. తూకం రోజు జాషువా 237 పౌండ్ల పైచిలుకు, జూన్‌లో కన్నా దాదాపు పది తక్కువ. రూయిజ్ 283 పైచిలుకు, జూన్‌లో 268. జాషువా తగ్గడం అంటే కాళ్ల మీద తిరగడానికి సిద్ధమయ్యాడని అర్థం. రూయిజ్ పెరగడంలో నాకు ఏ పథకమూ కనపడలేదు. దూరంగా తిరిగేవాణ్ణి బరువెక్కినవాడు పట్టుకోలేడు. రూయిజ్ నాకౌట్ గిన్నెలోంచి రెండు, జాషువా నాకౌట్ గిన్నెలోంచి ఒకటి తీసి జాషువా పాయింట్ల గిన్నెలో వేశాను. అక్కడ 9 అయ్యాయి. పన్నెండు రౌండ్లూ జాషువా జాబ్ వేస్తూ, తిరుగుతూ, దగ్గరికి వెళ్లకుండా ఆడి ముగ్గురు జడ్జీల దగ్గరా గెలిచాడు.

గిన్నెలు నిండాకే బయటి అంచనాలు, పందెం రేట్లు చూడండి. ముందే చూస్తే చెయ్యి అటే పోతుంది. డగ్లస్ మీద రేటు 42కి 1 ఉండింది, అంటే అతను గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. అంతమంది ఒకే మాట అంటుంటే ఎవరైనా తమ కళ్లను అనుమానిస్తారు. చూశాక మీ లెక్కకూ జనం లెక్కకూ పెద్ద తేడా ఉంటే, పిక్కలు మార్చకుండా రెండో మెట్టు వీడియోలు ఇంకోసారి చూడండి. ఏదైనా కొత్తగా కనపడితేనే మార్చండి.

డబ్బు మాత్రం పెట్టకండి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందాలు నిషేధం, అదొక కారణం. ఇంకో కారణం నేను చూసినదే: డబ్బు పెట్టినవాడు పోరు చూడలేడు. తను పెట్టిన మనిషి చేతుల్నే చూస్తుంటాడు, రెండోవాడి పాదాలు కనపడవు. మేం మా ఊరి మూడు లాంతర్ల సెంటర్ దగ్గర టిఫిన్ పందెం దాటం.

ఎనిమిదో మెట్టు: అయిపోయాక

ఫలితం వచ్చిన రోజే రాసుకోండి. ఎవరు గెలిచారన్నదొక్కటే కాదు, మీరు ఏ గిన్నెలో ఎక్కువ వేశారో ఆ దారిలోనే గెలిచాడా అన్నది కూడా. దారి తప్పి మనిషి నెగ్గితే దాన్ని మీ గెలుపుగా రాసుకోవద్దు. పాతిక ముప్పై పోరాటాలయ్యాక ఒక లెక్క తీయండి: ఎవరివైపు పదిహేను పిక్కలు వేశారో వాళ్లలో నలుగురికి ముగ్గురు నెగ్గుతున్నారా? నలుగురూ నెగ్గుతుంటే మీరు మరీ భయపడుతూ వేస్తున్నారు. ఇద్దరే నెగ్గుతుంటే ధైర్యం ఎక్కువైంది.

తర్వాతి ఆదివారం అదే పోరును మ్యూట్‌లో మళ్లీ చూడండి. 2024 డిసెంబర్ 21న ఫ్యూరీ, ఊసిక్ రెండోసారి తలపడ్డారు. ఫ్యూరీ తూకంలో 281 పౌండ్లు. వైల్డర్ మీద రెండో పోరు గుర్తొచ్చి, ఈసారీ వాలి తొక్కుతాడనుకుని నాకౌట్ గిన్నెలో అతనికి ఆరు పిక్కలు వేశాను. ముగ్గురు జడ్జీలూ 116-112 చొప్పున ఊసిక్‌కే ఇచ్చారు. వారం తర్వాత మావయ్యా నేనూ మళ్లీ చూస్తుంటే, ఐదో రౌండ్ దగ్గర మావయ్యే వీడియో ఆపి తెర మీద ఊసిక్ ముందు పాదాన్ని వేలితో చూపించాడు. ఆ పాదం ఫ్యూరీ పాదానికి బయట ఉంది. ఇంకో పది సెకన్లు నడిపించాడు, మళ్లీ బయటే. నోటుబుక్‌లో ఆ పేజీ కింద ఇలా రాసుకున్నాను: "బరువు పెంచుకొచ్చినవాడు ఎవరి మీద వాలబోతున్నాడో చూడు. వైల్డర్ ఎదురుగా నిలబడ్డాడు. ఊసిక్ నిలబడడు."